ఇరుగుపొరుగు దేశాల రాజకీయాలను పోల్చడం ఎలా: మధ్య అమెరికా పట్టికతో నేను నేర్చుకున్నది

నా ఎం.ఫిల్. థీసిస్ మొదటి ముసాయిదాలో ఆరు అధ్యాయాలు ఉండేవి. గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్, హోండురాస్, నికరాగువా, కోస్టారికా దేశాలకు ఒక్కో అధ్యాయం. ఆరోదాని పేరు 'పోలిక', తొమ్మిది పేజీలు. మా గైడ్ గారు మొత్తం చదివి, ఆ ఆరో అధ్యాయం చివర ఎర్ర పెన్నుతో రెండే మాటలు రాసిచ్చారు: "పోలిక ఎక్కడ?"

చాలా ఉడుక్కున్నాను. రెండు రోజుల తర్వాత మళ్లీ తెరిచి చదువుకుంటే ఆయన అన్నది నిజమేనని తెలిసింది. ఐదుగురి జాతకాలను ఒకే దారంతో కట్టి ఇచ్చానంతే. ఒకరి జాతకానికీ ఇంకొకరి జాతకానికీ సంబంధం లేదు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా రాజనీతి శాస్త్రం చెబుతున్నాను. విద్యార్థులు తెచ్చే ప్రాజెక్టుల్లో ఇప్పటికీ అవే ఐదు జాతకాలు కనిపిస్తాయి. అందుకే ఈ పని ఎలా చేయాలో, నేను ఎక్కడెక్కడ బోర్లా పడ్డానో రాస్తున్నాను. ఉదాహరణలన్నీ మధ్య అమెరికావే. మొదటిసారి పోల్చేవాళ్లు సొంత ప్రాంతాన్ని తీసుకోవద్దనే చెబుతాను. ఎవరు మంచివాళ్లు, ఎవరు చెడ్డవాళ్లు అన్నది మనకు చిన్నప్పుడే తెలిసిపోయి ఉంటుంది. ఇక పట్టిక గీయడం అంటే ఆ తీర్పుకు గళ్లు కట్టడమే అవుతుంది.

ముందు ప్రశ్న

"మధ్య అమెరికా దేశాల రాజకీయ అభివృద్ధి" అన్నది శీర్షిక. దానితో పని మొదలుకాదు. రాజకీయ అభివృద్ధి అనే ఒక్క మాటలో నాలుగైదు వేరే వేరే సంగతులు దూరి ఉంటాయి. ప్రభుత్వాన్ని మార్చేది ఓటా, తుపాకీనా? ఓడినవాళ్లు కుర్చీ దిగి ఇంటికి వెళ్తారా? కోర్టు అధ్యక్షుడికి అడ్డం చెప్పగలదా? పన్ను వసూలు చేసే ప్రభుత్వం మారుమూల ఊరికి బడి కూడా పంపుతుందా? ఇవన్నీ కలిసి పెరగాలన్న రూలు లేదు. ఒకటి ముందుకు వెళ్తుంటే ఇంకొకటి వెనక్కి నడవవచ్చు.

కాబట్టి ఒకటి ఎంచుకోండి, మహా అయితే రెండు. ఆ ప్రశ్న ఎలా ఉండాలంటే, ఒక్క మాట కూడా మార్చకుండా అన్ని దేశాలనూ అడగగలగాలి. "కోస్టారికా సైన్యాన్ని ఎందుకు రద్దు చేసింది?" అన్నది మంచి ప్రశ్నే, కానీ పోలికకు పనికిరాదు. దాన్ని హోండురాస్‌ను ఎలా అడుగుతాం? నేను థీసిస్‌ను మళ్లీ రాసినప్పుడు పెట్టుకున్న ప్రశ్న ఇది: ప్రభుత్వాలను దింపే పని సైన్యం ఎక్కడ, ఎప్పుడు మానేసింది, ఎందుకు? ఇది ఐదు దేశాలనూ అడగవచ్చు. జవాబు "ఇంకా మానలేదు" అయినా అదీ జవాబే.

పొరుగు అంటే ఎవరు

మ్యాపు చూస్తే మెక్సికోకూ కొలంబియాకూ మధ్యలో ఏడు దేశాలు ఉంటాయి. నేను ఐదింటినే తీసుకున్నాను. ఎందుకో చెప్పగలగాలి, లేకపోతే నచ్చినవి ఏరుకున్నట్టే.

ఆ ఐదూ స్పెయిన్ పాలనలో గ్వాటెమాలా రాజధానిగా ఉన్న ఒకే పరిపాలనా విభాగం. 1821 సెప్టెంబర్ 15 ఐదింటికీ స్వాతంత్ర్య దినమే. కొద్దికాలం మెక్సికో సామ్రాజ్యంలో కలిసి, 1823లో బయటికొచ్చి, ఒకే సమాఖ్యగా ఏర్పడి, 1838 నుంచి ఒక్కొక్కటే విడిపోయాయి. వాటి జెండాల్లో ఇప్పటికీ ఆ నీలం తెలుపు పట్టీలు కనిపిస్తాయి. భాష ఒకటి, మతం ఒకటి, పాత యజమాని ఒకడే. తర్వాత దాదాపు అందరూ ఎక్కింది కాఫీ బండే. ఇన్ని ఒకేలా ఉన్నప్పుడు, వేరుగా కనిపించేదాన్ని పట్టుకోవడం తేలిక. పొరుగు దేశాలను పోల్చడంలో ఉన్న లాభమే అది.

పనామా 1903 వరకూ కొలంబియాలో భాగం. బెలీజ్ బ్రిటిష్ వలసగా ఉండి 1981లో స్వతంత్రమైంది. ఈ రెండింటినీ కలిపితే మొదలే వేరు కాబట్టి, కనిపించిన ప్రతి తేడాకూ "అసలు వాళ్ల పుట్టుకే వేరు" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. అయినా వాటిని పూర్తిగా మరిచిపోవద్దు. 1989లో అమెరికా దాడి తర్వాత పనామా కూడా సైన్యం లేని దేశమైంది, 1994లో దాన్ని రాజ్యాంగంలోనూ రాసుకుంది. "సైన్యం లేకపోవడం కోస్టారికా రక్తంలోనే ఉంది" అని ఎవరైనా అంటే పనామాను సాక్షిగా పిలవవచ్చు.

దేశాలను ఎంచుకునేటప్పుడు ఇంకో దొంగ బుద్ధి పుడుతుంది. నాకూ పుట్టింది. హోండురాస్ నా వాదనకు ఎక్కడా కుదరలేదు. దాన్ని తీసేసి "నాలుగు దేశాలు" అని రాసుకుందామనుకున్నాను. కుదరని దేశమే మీకు ఎక్కువ నేర్పుతుంది, దాన్ని తీయకండి. అది ఏం నేర్పిందో కింద చెబుతాను.

ఒకే కాగితం మీద

ఎక్సెల్ తెలిసినా, మొదటి పట్టిక మాత్రం పెద్ద చార్టు మీద చేత్తో గీయమంటాను. పైన అడ్డంగా దేశాల పేర్లు, పక్కన నిలువుగా సంవత్సరాలు. గళ్లలో జరిగినవి రెండు మూడు మాటల్లో రాయాలి. ఇక్కడి కిటుకు ఒక్కటే: రాసేటప్పుడు నిలువుగా రాస్తాం, చదివేటప్పుడు అడ్డంగా చదవాలి. నిలువుగా చదివితే దేశ చరిత్ర. అడ్డంగా చదివితేనే ప్రాంతం కనిపిస్తుంది.

నా చార్టులో 1930ల వరుసలు చూడండి. 1931 ఫిబ్రవరిలో గ్వాటెమాలాలో హోర్హె ఉబికో అధ్యక్షుడయ్యాడు. అదే ఏడాది డిసెంబర్‌లో ఎల్ సాల్వడార్‌లో తిరుగుబాటు జరిగి జనరల్ హెర్నాండెజ్ మార్టినెజ్ వచ్చాడు. 1933లో హోండురాస్‌లో కరియాస్. 1937లో నికరాగువాలో సొమోజా. ఆరేళ్లలో నలుగురు నియంతలు. నాలుగు దేశాల చరిత్ర పుస్తకాలు విడివిడిగా చదివితే ప్రతి పుస్తకమూ తన నియంత ఎందుకొచ్చాడో స్థానిక కారణాలతో చక్కగా వివరిస్తుంది. అడ్డంగా చదివితే మాత్రం, నలుగురి వెనకా 1929 తర్వాత కుప్పకూలిన ఎగుమతి ధరలు కనిపిస్తాయి. ఐదో గడిలో కోస్టారికా ఆ పదేళ్లూ ఎన్నికలు జరుపుకుంటూ పోయింది. కాఫీ ధర అక్కడా పడింది కదా? ఈ 'కదా' దగ్గరే అసలు పని మొదలవుతుంది.

ఇంకో వరుస 1944. మేలో మార్టినెజ్ దిగిపోయాడు. జూలై 1న ఉబికో రాజీనామా చేశాడు. అక్టోబర్ 20న గ్వాటెమాలాలో విప్లవం గెలిచి పదేళ్ల ప్రజాస్వామ్యానికి దారి తెరిచింది. సరిగ్గా అదే వారంలో పక్కనే ఎల్ సాల్వడార్‌లో ఇంకో కల్నల్ కుట్ర చేసి, మేలో తెరుచుకున్న తలుపు మూసేశాడు. హోండురాస్, నికరాగువా నియంతలు నిరసనలను అణచి నిలబడ్డారు. ఒకే గాలి నాలుగు ఇళ్ల మీద వీచింది. ఎవరి పైకప్పు లేచిందో చూస్తే ఆ ఇంటి నిర్మాణం తెలుస్తుంది.

చార్టులో కొన్ని గళ్లు ఖాళీగా ఉంటాయి. "ఏమీ జరగలేదు", "నేనింకా చదవలేదు" రెండూ ఖాళీ గళ్లే. వీటికి వేరే వేరే గుర్తులు పెట్టండి. నేను పెట్టుకోలేదు, అందుకే హోండురాస్ ఏ గొడవా లేని దేశమని చాలాకాలం నమ్మాను. నిజానికి 1954లో అక్కడి అరటి తోటల కార్మికులు రెండు నెలలకు పైగా సమ్మె చేశారు.

కారణాన్ని అన్ని దేశాల మీదా పరీక్షించండి

కోస్టారికా గురించి అందరూ చెప్పే కథ ఒకటుంది. అక్కడ పెద్ద భూస్వాములు లేరు, అందరూ చిన్న రైతులే, కాబట్టి మొదటి నుంచీ ప్రజాస్వామ్యమే. నా ముసాయిదాలో నేనూ ఇదే రాశాను.

ఇందులో సగం నిజం ఉంది. కాఫీ అన్ని చోట్లా ఒకే పంట అయినా, దాన్ని పండించిన తీరు ఒకటి కాదు. ఎల్ సాల్వడార్‌లో 1881, 1882 చట్టాలు ఊళ్ల ఉమ్మడి భూములను రద్దు చేశాయి. ఆ భూములు క్రమంగా కొద్ది కుటుంబాల చేతుల్లోకి పోయాయి. గ్వాటెమాలాలో 1877 చట్టం అక్కడి ఆదివాసులైన మాయా ప్రజలను తోటల పనికి కట్టిపడేసింది. బలవంతపు కూలీతో నడిచే తోటకు బలమైన సైన్యం కావాలి. 1932లో ఎల్ సాల్వడార్‌లో రైతుల తిరుగుబాటును అణచడానికి వేల మందిని చంపారు. పది వేలు మొదలుకొని ముప్పై వేలకు పైగా అంచనాలున్నాయి. కోస్టారికాలో జనాభా తక్కువ, కూలీలు దొరకడం కష్టం. కాబట్టి పెద్ద కాఫీ వ్యాపారులు భూమినంతా మింగకుండా, చిన్న రైతుల దగ్గర గింజలు కొని శుద్ధి చేసి, అప్పులిచ్చి, ఎగుమతి చేసి లాభపడ్డారు. అంటే పెద్దమనుషులు అక్కడా ఉన్నారు, వాళ్ల లాభం వేరే చోట ఉంది.

ఇక మిగతా సగం. ఈ కారణం సరైనదైతే కోస్టారికాలో కుట్రలు ఉండకూడదు. కానీ 1917లో యుద్ధ మంత్రి ఫెదెరికో టినోకో కుట్ర చేసి రెండున్నరేళ్లు పాలించాడు. 1948లో ఎన్నికల ఫలితాన్ని పార్లమెంటు రద్దు చేస్తే 44 రోజులు అంతర్యుద్ధం జరిగింది. "మొదటి నుంచీ" అన్న మాట అక్కడితో ఎగిరిపోయింది.

ఇప్పుడు దాన్నే హోండురాస్ మీద పెట్టండి. ఎల్ సాల్వడార్‌లో లాంటి బలమైన కాఫీ కులీన వర్గం అక్కడా లేదు. ఉన్నవి విదేశీ అరటి కంపెనీలు. చిన్న రైతుల సిద్ధాంతం ప్రకారం హోండురాస్ కోస్టారికాలా ఉండాలి. ఉందా? 1957 రాజ్యాంగం అక్కడి సైన్యానికి పౌర ప్రభుత్వం అదుపులో లేని స్వతంత్ర హోదా ఇచ్చింది, 1963లో ఆ సైన్యమే ప్రభుత్వాన్ని కూల్చింది. సైన్యం మీద అదుపు చట్టప్రకారం పౌరుల చేతికొచ్చింది 1999లో. తర్వాత పదేళ్లకే, 2009 జూన్ 28న, అధ్యక్షుడు జెలాయాను సైనికులు ఇంట్లోంచి పట్టుకెళ్లి విమానంలో కోస్టారికా పంపించేశారు. నేను తీసేయాలనుకున్న దేశం నా సిద్ధాంతాన్ని ఇలా పడగొట్టింది. భూస్వాముల బలం లేకపోవడం అవకాశం మాత్రమే ఇస్తుందని, దాన్ని వాడుకోవడానికి ఇంకేదో జరగాలని అప్పుడు అర్థమైంది.

ఆ 'ఇంకేదో' కోసం మలుపు ఎక్కడుందో వెతకాలి. అంటే అప్పటిదాకా తెరిచి ఉన్న దారులు మూసుకుపోయిన క్షణం. కోస్టారికాకు అది 1948–49. యుద్ధంలో గెలిచిన హోసే ఫిగెరెస్ 1948 డిసెంబర్ 1న ఒక సైనిక స్థావరం గోడను సుత్తితో కొట్టి సైన్యం రద్దయిందని ప్రకటించాడు. ఆ భవనం ఇప్పుడు జాతీయ మ్యూజియం. 1949 రాజ్యాంగం 12వ అధికరణం శాశ్వత సైన్యాన్ని నిషేధించింది. అదే ఏడాది ఫిగెరెస్ అధికారాన్ని, ఎన్నికల్లో గెలిచాడని తాను వాదించిన ఒతిలియో ఉలాతేకు అప్పగించాడు.

ఇలాంటి చోట "మహానుభావుడు" అని రాసి ఊరుకోవద్దు. అతనికి లాభమేమిటో అడగండి. ఉన్న సైన్యం ఓడినవాళ్లది, దాన్ని ఉంచితే రేపు తన మీదికే రావచ్చు. రాజ్యాంగ సభ ఎన్నికల్లో అతని పక్షానికి 45 సీట్లలో నాలుగే వచ్చాయి, కాబట్టి మొండిగా కూర్చునే బలం లేదు. అతను నడిపిన తాత్కాలిక పాలక మండలి (జుంటా) కమ్యూనిస్టు పార్టీని నిషేధించింది కూడా. ఇవన్నీ రాసినా ఫిగెరెస్ చేసిన పని చిన్నదైపోదు. పైగా ఇప్పుడే దాన్ని పక్క దేశాలతో పోల్చగలం. అదే పరిస్థితిలో గ్వాటెమాలా నాయకులు 1944 తర్వాత సైన్యాన్ని ఎందుకు ఉంచుకున్నారని అడగవచ్చు. అక్కడ విప్లవాన్ని గెలిపించినవాళ్లలో సైన్యాధికారులే ఉన్నారు. వాళ్లలో ఒకడైన హకోబో ఆర్బెంజ్ తర్వాత అధ్యక్షుడై, 1952లో భూసంస్కరణ చట్టం తెచ్చి, 1954లో పడిపోయాడు. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ నడిపిన దాడి బలగం చిన్నది. తన సొంత సైన్యం తన కోసం పోరాడదని తేలాక అతను రాజీనామా చేశాడు.

సరిహద్దు కారుతూనే ఉంటుంది

పట్టికలో దేశాల మధ్య గీతలు గీస్తాం కదా, ఆ గీతలను నిజమని నమ్మడం నేను చేసిన రెండో పెద్ద తప్పు. పొరుగు దేశాలు ప్రయోగశాలలో వేరే వేరే సీసాలు కావు. ఒక దాంట్లోది ఇంకో దాంట్లోకి పోతూ ఉంటుంది.

1948 యుద్ధంలో ఓడిన మాజీ అధ్యక్షుడు కాల్డెరాన్ గార్డియా మనుషులు అదే డిసెంబర్‌లోనూ, మళ్లీ 1955లోనూ నికరాగువా నేల మీద నుంచే కోస్టారికా మీదికి వచ్చారు, వెనక సొమోజా ఉన్నాడు. ఫిగెరెస్ కూడా ఊరుకోలేదు, సొమోజా శత్రువులకు సాయం చేశాడు. ఆర్బెంజ్ మీదికి దాడి వచ్చింది హోండురాస్ వైపు నుంచి. 1980లలో నికరాగువా ప్రభుత్వం మీద పోరాడిన కాంట్రాల స్థావరాలూ హోండురాస్‌లోనే. 1969లో హోండురాస్ తన భూసంస్కరణలో భాగంగా, అక్కడ స్థిరపడిన ఎల్ సాల్వడార్ రైతులను వెళ్లగొట్టడం వల్ల రెండు దేశాల మధ్య నాలుగు రోజుల యుద్ధం జరిగింది. ఆ సమయంలోనే ప్రపంచ కప్ అర్హత మ్యాచ్‌లు జరిగాయని పేపర్లు దానికి ఫుట్‌బాల్ యుద్ధమని పేరు పెట్టాయి. భూమి ఒత్తిడిని తగ్గించే దారి మూసుకుపోయి, వేలాది మంది ఎల్ సాల్వడార్‌కు తిరిగొచ్చారు. పదేళ్ల తర్వాత అక్కడ మొదలైన అంతర్యుద్ధాన్ని దీన్ని వదిలేసి చెబితే సగం కథే.

మంచి కూడా ఇలాగే కారుతుంది. 1987 ఆగస్టు 7న గ్వాటెమాలా నగరంలో ఐదుగురు అధ్యక్షులు సంతకం చేసిన ఒప్పందం, కోస్టారికా అధ్యక్షుడు ఆస్కార్ అరియాస్ ప్రతిపాదన మీద నడిచింది. ఆ ఏడాది నోబెల్ శాంతి బహుమతి ఆయనకే ఇచ్చారు. తర్వాత 1990లో నికరాగువాలో అప్పటి పాలక పక్షమైన సాండినిస్టాలు ఎన్నికల్లో ఓడి వియోలెటా చమోరోకు అధికారం ఇచ్చారు. 1992లో ఎల్ సాల్వడార్‌లో, 1996లో గ్వాటెమాలాలో శాంతి ఒప్పందాలు కుదిరాయి.

అందుకని చార్టు మీద వేరే రంగు పెన్నుతో బాణాలు గీయండి, ఎక్కడి నుంచి ఎక్కడికి ఏం దాటిందో. అమెరికాకు ప్రత్యేకంగా ఒక నిలువు వరుస ఇవ్వండి. అయితే "అంతా అమెరికా వల్లే" అని ముగించకండి. ఆ నీడ ఐదు దేశాల మీదా పడింది, కాబట్టి తేడాకు అదొక్కటే కారణం కాలేదు. ఏ దేశంలో ఏ పని చేసింది, అక్కడ ఎవరు చేయి కలిపారు అన్నదే రాయాలి.

ఒకే మాట, వేరే వస్తువు

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. పట్టికలో ఒక వరుసకు పేరు పెట్టగానే గళ్లన్నిట్లో ఒకే వస్తువు ఉన్నట్టు అనిపిస్తుంది. మహిళల ఓటు హక్కు తీసుకోండి. గ్వాటెమాలాలో 1945లో చదువు వచ్చిన మహిళలకు. కోస్టారికా 1949. ఎల్ సాల్వడార్ 1950. హోండురాస్, నికరాగువా 1955. ఈ వరుస ఒక్కటే చూస్తే ఐదు దేశాలూ పదేళ్లలో చేయి చేయి పట్టుకుని నడిచినట్టుంది. కానీ 1950లో ఎల్ సాల్వడార్‌ను ఏలింది సైనికులు, 1955లో నికరాగువాలో సొమోజా. ఓటు ఇచ్చారు సరే, లెక్కపెట్టింది ఎవరు? కోస్టారికా 1949లో ఎన్నికల ట్రిబ్యునల్‌ను ప్రభుత్వం చేతికి అందకుండా కట్టింది. కాబట్టి "ఓటు హక్కు ఎప్పుడు" పక్కనే "ఓట్లు లెక్కపెట్టేది ఎవరు" అనే వరుస వేసుకోవాలి.

ఇంకాస్త చిక్కు ఉదాహరణ చెబుతాను. అధ్యక్షుడు రెండోసారి పోటీ చేయకూడదన్న నిబంధన ఈ ప్రాంతంలో పాత నియంతలు నేర్పిన పాఠం. దాన్ని నాలుగు దేశాల్లో పార్లమెంటు కాకుండా కోర్టే సడలించింది: కోస్టారికాలో 2003, నికరాగువాలో 2009, హోండురాస్‌లో 2015, ఎల్ సాల్వడార్‌లో 2021. ఒక విద్యార్థి ఈ నాలుగింటికీ ఒకే టిక్కు పెట్టి, "ప్రజాస్వామ్యం క్షీణించింది" అని రాసుకొచ్చాడు. నేను మూడు చిన్న ప్రశ్నలు అడగమన్నాను.

తీర్పుకు ముందు కోర్టును ఎవరైనా ముట్టుకున్నారా? హోండురాస్‌లో 2012 డిసెంబర్‌లో పార్లమెంటు నలుగురు రాజ్యాంగ న్యాయమూర్తులను తీసేసింది. అప్పుడు పార్లమెంటు అధిపతి హువాన్ ఓర్లాండో హెర్నాండెజ్. 2015 తీర్పుతో లాభపడి 2017లో మళ్లీ పోటీ చేసిన అధ్యక్షుడూ ఆయనే. ఎల్ సాల్వడార్‌లో 2021 మే 1న కొత్త పార్లమెంటు కొలువుదీరిన రోజే రాజ్యాంగ న్యాయమూర్తులను మార్చేసింది, సెప్టెంబర్‌లో తీర్పు వచ్చింది. కోస్టారికాలో 2000లో కాదన్న కోర్టే 2003లో అవునంది. ఆ మార్పు మీద విమర్శలు ఉన్నాయి, కానీ పార్లమెంటు రాత్రికి రాత్రి జడ్జీలను మార్చలేదు.

లాభపడింది కుర్చీలో ఉన్నవాడా? కోస్టారికాలో వరుసగా రెండోసారి మాత్రం ఇప్పటికీ కుదరదు, మధ్యలో ఎనిమిదేళ్లు ఆగాలి. అరియాస్ 1990లో దిగిపోయి, 2006లో చాలా స్వల్ప తేడాతో గెలిచాడు. మిగతా మూడు చోట్లా తీర్పు వచ్చేసరికి లాభం పొందేవాడు అధ్యక్ష భవనంలోనే ఉన్నాడు.

తర్వాత దిగాడా? అరియాస్ 2010లో దిగాడు. హోండురాస్‌లో 2021 ఎన్నికల్లో ప్రతిపక్షం గెలిచి అధికారం మారింది. నికరాగువాలో అధ్యక్షుడు ఒర్టెగా 2014లో పరిమితిని పూర్తిగా ఎత్తేయించుకుని, 2021 ఎన్నికల ముందు ప్రత్యర్థులను జైల్లో పెట్టించాడు. ఎల్ సాల్వడార్‌లో అధ్యక్షుడు బుకెలే 2024లో మళ్లీ గెలిచాడు. 2025 జూలై చివర్లో పార్లమెంటు ఎన్నిసార్లయినా పోటీ చేయవచ్చని రాజ్యాంగాన్ని సవరించింది.

ఒక టిక్కు మూడు ప్రశ్నలుగా విడిపోయేసరికి నాలుగు దేశాలు నాలుగు దారుల్లో కనిపించాయి. గ్వాటెమాలా ఐదో దారి. అక్కడ అధ్యక్షుడి పునర్ ఎన్నిక నిషేధం చెక్కుచెదరలేదు. అయినా 2023లో గెలిచిన బెర్నార్డో అరెవాలో పార్టీని ప్రాసిక్యూటర్లు కేసులతో ఆపబోయారు. చివరికి 2024 జనవరి 15న, అర్ధరాత్రి దాటాక ప్రమాణ స్వీకారం జరిగింది. ఆయన 1944 విప్లవం తర్వాత ఎన్నికైన మొదటి అధ్యక్షుడి కొడుకు. పరిమితి నిబంధన ఉన్నంత మాత్రాన అధికారం సజావుగా చేతులు మారదని ఈ గడి చెబుతుంది.

అంకెల దగ్గర జాగ్రత్త

ఫ్రీడమ్ హౌస్, వీ-డెమ్ లాంటి సంస్థలు ప్రజాస్వామ్యం, స్వేచ్ఛ ఎంతున్నాయో చూసి ప్రతి దేశానికీ ఏటా మార్కులు వేస్తాయి. వాడండి, కానీ చివర్లో. మొదటే చూస్తే, మీ చార్టు వాటికి వ్యాఖ్యానంగా మిగిలిపోతుంది. మీ గళ్లు నిండాక మార్కులతో సరిచూడండి, మీకూ వాళ్లకూ తేడా వచ్చిన సంవత్సరాలను మాత్రం మళ్లీ చదవండి.

రెండు దేశాల అంకెలను పక్కపక్కన పెట్టేముందు హారం చూడండి, అంటే అది దేనిలో శాతమో. గ్వాటెమాలా సత్యశోధన కమిషన్, అంతర్యుద్ధ కాలానికి తాను నమోదు చేసిన మానవ హక్కుల ఉల్లంఘనల్లో 93 శాతానికి ప్రభుత్వ బలగాలు, వాటి అనుబంధ దళాలు బాధ్యులని తేల్చింది. ఎల్ సాల్వడార్ కమిషన్ 85 శాతం అంది. కానీ అది తనకు అందిన ఫిర్యాదుల్లో వాటా. ఒకటి 1962 నుంచి 1996 వరకూ చూసింది, ఇంకొకటి 1980 నుంచి 1991 వరకే. 93 ఎక్కువ, 85 తక్కువ అని రాస్తే అది పోలిక కాదు, తీసివేత. నేను రాశాను కూడా. వైవాలో దొరికిపోయాను.

రాజ్యాంగాలను వీలైతే మూల భాషలోనే చదవండి. నాకు స్పానిష్ మాట్లాడటం రాదు, కానీ డిక్షనరీ పక్కన పెట్టుకుని అధికరణం చదివేంత నేర్చుకున్నాను. ఆరు నెలలు పట్టింది, దండగ కాలేదు.

రాయడం

ఇంత చేశాక రాయడానికి కూర్చుంటే చేయి మళ్లీ దేశాల వారీగానే పోతుంది. ఆపండి. అధ్యాయాల పేర్లలో దేశం పేరు రాకూడదని నియమం పెట్టుకోండి. నా రెండో ముసాయిదాలో అధ్యాయాలు ఇలా వచ్చాయి: తోటలో పనిచేసింది ఎవరు, సైన్యానికి జీతం ఇచ్చింది ఎవరు, 1944–54 మధ్య తెరుచుకున్న తలుపులు, ఓట్లు లెక్కపెట్టింది ఎవరు. ప్రతి అధ్యాయంలోకీ ఐదు దేశాలూ రావాలి, కానీ సమానంగా కాదు. విషయం ఎక్కడ ఉంటే అక్కడ నాలుగు పేజీలు, లేని చోట నాలుగు వాక్యాలు. ఐదుగురికీ సమానంగా పంచడానికి ఇది పెళ్లి భోజనం కాదు.

అయ్యాక ఒక పరీక్ష పెట్టండి. ఏదో ఒక పేజీ తీసుకుని దేశాల పేర్లన్నీ పెన్సిల్‌తో కొట్టేయండి. విషయం తెలిసిన స్నేహితుడికి ఇచ్చి, ఎన్ని దేశాల గురించి రాశానో చెప్పమనండి. "ఒకటే" అంటే ఆ పేజీ మళ్లీ రాయాలి. నా మొదటి ముసాయిదాకు ఆ పరీక్ష పెట్టి ఉంటే 'పోలిక' అధ్యాయంలోనే ఏడు పేజీలు పోయేవి. రెండోదానికి పెట్టాను. మూడు పేజీలు పోయాయి. వాటిలో రెండు కోస్టారికా మీదే, ఫిగెరెస్ సుత్తి దెబ్బ గురించి మరీ మురిసిపోయి రాసినవి.